తొక్కాను డాక్టరూ

దెయ్యాలు రాత్రిళ్ళే తిరుగుతాయని ఎవరు చెప్పారో గానీ, వాళ్ళు మా షెడ్డుకి ఎప్పుడూ వచ్చి ఉండరు. నాకు జరిగినదంతా పట్టపగలే జరిగింది, మొదలైంది మధ్యాహ్నం పన్నెండున్నరకీ ఒంటిగంటకీ మధ్య. ఆ వేళకి మా వీధిలో మెకానిక్కులందరూ చేతులు కడుక్కుని భోజనాలకి వెళ్ళిపోతారు. సుత్తి చప్పుళ్ళు ఆగిపోతాయి. షట్టరు సగం దించుకుంటే లోపల మసక చీకటి, పాత ఇంజనాయిలు వాసన, మూల ఎక్కడో కుళాయి బొట్టు. చాలా ఏళ్ళు రోజు మొత్తంలో నాకు అదే ఇష్టమైన సమయం.

ముందు నా పని గురించి చెప్పాలి. కారు తొక్కితే అందుకోవడం లేదంటే చుట్టుపక్కల మెకానిక్కులు నా దగ్గరికే పంపుతారు. యాక్సిలరేటర్ తొక్కగానే ఇంజను లాగాలి. అలా లాగకుండా ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టేదాకా ఊరుకుని, తర్వాత ఒక్కసారిగా ముందుకు దూకే బండ్లుంటాయి. ఇప్పటి బండ్లలో పెడల్‌కీ ఇంజనుకీ మధ్య కేబుల్ ఉండదు. కాలు ఎంత నొక్కిందో పెడల్ దగ్గరున్న సెన్సారు కంప్యూటరుకి చెబుతుంది. కంప్యూటరు గాలి లోపలికి వెళ్ళే తలుపుని అంత తెరుస్తుంది. ఆ తలుపునే థ్రాటిల్ అంటాం. స్కానరుని బండికి తగిలిస్తే రెండు అంకెలూ తెర మీద పక్కపక్కనే కనబడతాయి. కాలు పెట్టకుండా ఇంజను ఊరికే తిరుగుతుంటే పెడల్ సున్నా, థ్రాటిల్ ఏడు. తొక్కితే రెండూ కలిసి వందదాకా పెరగాలి. ఎక్కడ మాట అందడం లేదో ఆ అంకెల్ని చూసి ఐదు నిమిషాల్లో చెప్పేవాణ్ణి. ఆ సంగతి నలుగురిలో చెప్పుకోవడం కూడా ఇష్టంగా ఉండేది.

మా బావ డ్రాయింగు మాస్టారు. అక్కకి పెళ్ళయినప్పుడు నాకు పదమూడేళ్ళు. నాకు సైకిలు నేర్పింది ఆయనే, చదువు అబ్బడం లేదని తెలిశాక మేస్త్రీ దగ్గర పనిలో పెట్టిందీ ఆయనే. నేను సొంతంగా షెడ్డు తెరిచిన రోజు నుంచి నన్ను పేరుతో పిలవడం మానేసి ‘డాక్టరూ’ అనేవాడు. మహా నిదానస్తుడు. దగ్గున్నా లేకపోయినా బుగ్గలో పుదీనా దగ్గుబిళ్ళ ఉండాల్సిందే. క్లచ్చంటే భయమని గేర్లు మార్చే పనిలేని బండి కొనుక్కున్నాడు. దాన్ని కూడా నలభై దాటించేవాడు కాదు. ఆయన కారులో కూర్చుంటే రోడ్డు పక్కన నడిచేవాళ్ళు మనల్ని పలకరించి, కబుర్లు చెప్పి, మనకన్నా ముందే ఇల్లు చేరతారని అక్క ఏడిపించేది.

రెండేళ్ళ కిందట ఒక ఉదయం బావ ఆ బండి తెచ్చాడు. తొక్కితే కాసేపు ఆలోచించుకుంటోంది అన్నాడు. నువ్వు తొక్కినట్టు దానికి తెలిస్తేగా బావా అని నేను నవ్వాను. ఆయన కూడా నవ్వాడు. ఆ రోజు షెడ్డులో బయటివాళ్ళవి నాలుగు బండ్లున్నాయి. మా వృత్తిలో ఒక పాడు అలవాటుంది. బయటివాళ్ళ బండిని బోల్టు బోల్టూ చూస్తాం. ఇంట్లోవాళ్ళ బండి మనదే కదా అని ఆఖర్న, పైపైన ముట్టుకుని పంపేస్తాం. మనవాళ్ళు గొడవపెట్టరు, బాగా లేకపోతే మళ్ళీ తెస్తారు అన్న ధీమా.

పెడల్ వెనక వైర్లు తగిలే ప్లగ్గులో ఒక పిన్ను చిలుమెక్కి వదులైపోయింది. ఆ ప్లగ్గు మార్చాలి. కొత్తది తెప్పించడానికి రెండు రోజులు. మర్నాడు పక్క ఊరి బడిలో పిల్లల బొమ్మల పోటీ ఉందని, బండి కావాలని బావ అన్నాడు. నేను ఆ పిన్నుని గీకి, స్పార్క్ ప్లగ్గు డబ్బా అట్ట చింపి, ఆ ముక్కని మడిచి ప్లగ్గు పక్కన బిగుతుగా దూర్చాను. స్కానరులో ఉన్న తప్పుని చెరిపేశాను. ఇంజను చల్లగా ఉండగానే నాలుగుసార్లు తొక్కి చూశాను, బాగా అందుకుంది. పెడల్ పని చేశాక ఇంజను వేడెక్కేదాకా అరగంట తిప్పి మళ్ళీ చూడాలని, చల్లటి ఇంజను అబద్ధం చెబుతుందని నా మేస్త్రీ వందసార్లు చెప్పి ఉంటాడు. అయిపోయింది, తీసుకెళ్ళు బావా అన్నాను. అట్ట ముక్క సంగతి చెప్పలేదు. చెబితే సగం పనే చేశానని తెలిసిపోతుంది కదా.

మర్నాడు మధ్యాహ్నం పన్నెండూ నలభైకి, పెద్ద రోడ్డు దాటే చోట, ఆయన్ని ట్యాంకరు కొట్టింది. చూసినవాళ్ళందరూ ఒకటే చెప్పారు. బండి రోడ్డు మధ్యదాకా వచ్చి ఆగిపోయిందట. కళ్ళెదుట ట్యాంకరు వస్తుంటే ముందుకు పోకుండా, వెనక్కి రాకుండా ఆ మనిషి అలాగే కూర్చున్నాడట.

బావ ఒక రోజు బతికాడు. ఆస్పత్రిలో అక్క మందులు తేవడానికి కిందికి వెళ్ళినప్పుడు కళ్ళు తెరిచి నన్ను చూశాడు. నేను వంగి ఆయన నోటి దగ్గర చెవి పెట్టాను.

"తొక్కాను డాక్టరూ... తొక్కుతూనే ఉన్నాను..."

పడుకో బావా, మాట్లాడకు అన్నాను. అక్క పైకి వచ్చి ఏమన్నారని అడిగింది. నొప్పిగా ఉందంటున్నాడని చెప్పాను. ఆ సాయంత్రం బావ పోయాడు.

ఇంకో సంగతి కూడా ఉంది. ఇన్నాళ్ళూ నాకు నేను కూడా చెప్పుకోనిది. ఆస్పత్రి నుంచి తిన్నగా నేను పోయింది నలిగిన బండి దగ్గరికి. సామాను తీసుకోవాలని కాపలా అతనికి చెప్పి, లోపలికి దూరి, ఆ అట్ట ముక్కని పీకేసి మురిక్కాలవలో పారేశాను. మర్నాడు ఇన్‌స్పెక్టరు వచ్చి చల్లటి బండి పెడల్ తొక్కి చూసి, యంత్రంలో లోపం లేదు, నడిపినవాడి తడబాటు అని రాసుకుపోయాడు. నేను పక్కనే నిలబడి తలూపాను.

బావ పోయాక అక్క ఎక్కువ ఏడవలేదు. ఆమెకి కోపం వచ్చింది. నేను ఒంటరివాణ్ణని, హోటలు తిండి తినొద్దని మధ్యాహ్నాలు తన ఇంటికే రమ్మంది. రోజూ ఆ పెద్ద రోడ్డు దాటి వెళ్ళేవాణ్ణి. కంచంలో వడ్డిస్తూ అక్క బావని తిట్టేది. ఒక్క క్షణం కాలు నొక్కి ఉంటే ఈపాటికి ఇక్కడ కూర్చుని తింటుండేవాడు కదా అనేది. చావు ఎదురొస్తున్నా తొందరపడని మనిషిని నా నెత్తిన కట్టారు అనేది. బావ ఫోటో ఒకటి గోడకి పెట్టి, నెల తిరక్కుండా తనే తీసేసింది. నేను తలొంచుకుని తిన్నాను. రెండేళ్ళు తిన్నాను.

ఆ బండి అన్నాళ్ళూ నా షెడ్డు మూల పట్టా కింద ఉంది. పోయిన నెల అక్క కూతురికి రక్తపరీక్షల ల్యాబులో ఉద్యోగం వచ్చింది. చిన్నప్పుడు నోరు మూసేది కాదని బావ ఆ పిల్లని పిచ్చుక అనేవాడు. ఇరవై రెండేళ్ళొచ్చినా మా అందరికీ పిచ్చుకే. తెల్లవారుజాము డ్యూటీ, ఆ వేళకి బస్సులుండవు. నాన్న బండి బాగుచేసి ఇవ్వు మామయ్యా అంది. అక్క కూడా, నడపడం రాకపోవడం ఆ మనిషి తప్పు గానీ బండి ఏం చేసింది, చేసివ్వరా అంది. వద్దనడానికి నా దగ్గర కారణం ఉంది. అది నోటితో చెప్పగలిగేది కాదు.

ఈసారి ఒళ్ళు దగ్గర పెట్టుకుని పనిచేశాను. డెంటరు తలుపులూ పక్కలూ సరిచేసి రంగేశాక, పెడల్ మొత్తం కొత్తది వేశాను. ప్లగ్గు, వైర్లు కొత్తవి. థ్రాటిల్‌ని విప్పి మసి కడిగాను. గాలి ఫిల్టరు, స్పార్క్ ప్లగ్గులు మార్చాను, పెట్రోలు ప్రెషరు చూశాను. ఇంజను చక్కగా స్టార్టయింది. తొక్కాను. ఒకటి... రెండు... మూడు... అప్పుడు ఎగిరి పడింది.

మళ్ళీ విప్పాను. థ్రాటిల్ కూడా కొత్తది వేశాను. అదే. ఇంకో బండిలో బాగా పనిచేస్తున్న కంప్యూటరు తెచ్చి పెట్టి చూశాను. అదే. మూడు వారాలు గడిచాయి. పిచ్చుక రోజూ ఫోను చేసేది. ఏదో సెన్సారు రావాలని సాకు చెప్పేవాణ్ణి.

ఆ మంగళవారం ఉదయం నుంచి వాన. భోజనానికి రాలేనని అక్కకి చెప్పి షట్టరు సగం దించాను. రేకుల మీద వాన మోత. లోపల దీపం వేసినా చీకటిగానే ఉంది. ఇంజను స్టార్టు చేసి వదిలి, కిందికి దిగి, స్కానరు పట్టుకుని బానెట్టు ముందు నిలబడ్డాను. పెడల్ సున్నా. థ్రాటిల్ ఏడు.

చూస్తుండగా పెడల్ అంకె మారింది. పన్నెండు. నలభై. వంద.

థ్రాటిల్ ఏడు దగ్గరే ఉంది. ఇంజను చప్పుడులో మార్పు లేదు.

తలెత్తి చూశాను. డ్రైవరు సీటు ఖాళీ. వెళ్ళి తలుపు తీసి వంగి చూశాను. పెడల్ తన చోట తాను ఉంది. తెర మీద మాత్రం వంద. తర్వాత సున్నా. మళ్ళీ వంద. సున్నా. వంద. తొక్కితే బండి కదలనప్పుడు మనిషి అలాగే చేస్తాడు. కాలు తీసి, మళ్ళీ నొక్కి... మళ్ళీ నొక్కి...

గోడ గడియారం చూశాను. పన్నెండూ నలభై.

స్కానరు చెడిందనుకున్నాను. పక్కనున్న వేరే బండికి తగిలిస్తే సరిగ్గా చూపించింది. కొంచెం ధైర్యం వచ్చింది. వైర్లలో ఏదో కలిసిపోతోందని నచ్చజెప్పుకున్నాను. పెడల్ని పూర్తిగా ఊడదీసి, వైరు పీకేసి, పనిబల్ల మీద పెట్టాను. ఇప్పుడు బండిలో పెడల్ అన్నదే లేదు. స్కానరు మళ్ళీ ఆ బండికి పెట్టి చూశాను.

పన్నెండు... నలభై... వంద.

అప్పుడు నా వెనక, పనిబల్ల మీద, స్ప్రింగు మూలిగింది.

కొత్త పెడల్ అది. కొత్త స్ప్రింగు అలా మూలగదు. కాలు మెల్లిగా అడుగుదాకా నొక్కి... వదిలినట్టు. మళ్ళీ... మళ్ళీ... నేను తిరగలేదు. తిరగలేకపోయాను. వాన వాసనలోకి, ఆయిలు వాసనలోకి ఇంకో వాసన వచ్చి కలిసింది. చల్లగా. పుదీనా.

"బావా," అన్నాను.

స్ప్రింగు చప్పుడు ఆగింది. వింటున్నట్టుగా ఆగింది. అప్పుడైనా చెప్పాల్సింది. తప్పయిపోయిందని, నా వల్లే పోయావని, ఖాళీ షెడ్డులో, ఎవరూ లేని చోట చెప్పడానికి కూడా నాకు నోరు రాలేదు. షట్టరు కిందనుంచి దూరి వానలోకి పరిగెత్తాను.

మర్నాడు వాన వెలిసింది. ఉదయమే పక్క షెడ్డు మెకానిక్కుని తోడు పెట్టుకుని పెడల్ బిగించాను. అతను తొక్కి చూసి, నీ బండికేం రోగం, గుర్రంలా ఉంది అన్నాడు. నేనూ తొక్కాను. తొక్కగానే అందుకుంది. అరగంట తిప్పి, ఇంజను బాగా వేడెక్కాక తొక్కినా అందుకుంది. స్కానరులో రెండు అంకెలూ జంటగా లేచి జంటగా దిగాయి. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, ఆ క్షణాన నాకు కలిగింది ఆనందం. బండి బాగైంది కాబట్టి ఇక ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదనిపించింది. పిచ్చుకకి ఫోను చేసి రమ్మన్నాను.

పన్నెండు దాటాక వచ్చింది. నేనే నడుపుతానంది. నేను స్కానరు ఒళ్ళో పెట్టుకుని పక్క సీట్లో కూర్చున్నాను. అక్క ఇంటికి పోయి, భోజనం చేసి, బండి అక్కడే వదిలి రావాలని అనుకున్నాం. పిల్ల బాగా నడుపుతోంది. ల్యాబు కబుర్లు, సూది చూసి కళ్ళు తిరిగి పడిపోయిన పహిల్వాను కబుర్లు చెబుతోంది. నేను నవ్వుతూ అంకెలు చూస్తున్నాను. అన్నీ సవ్యంగా ఉన్నాయి.

పెద్ద రోడ్డు వచ్చింది. బండి ఆపింది. రోడ్డు రెండు వైపులా తిన్నగా, చాలా దూరం కనబడుతోంది. కుడివైపు దూరంగా ఒక లారీ వస్తోంది. అది పోయాక పోదాం అంది. బ్రేకు మీద కాలు ఉంచి, స్టీరింగు మీద వేళ్ళతో తాళం వేస్తూ, రోడ్డు కేసి చూస్తూ ఉన్నట్టుండి అడిగింది.

"ఇంత దూరం కనబడుతోంది కదా మామయ్యా. నాన్న ఎందుకు ఆగిపోయాడు?"

మూడు వారాల్లో బండి గురించి ఎన్ని అబద్ధాలు చెప్పానో. ఇది ఇంకొకటి, అంతే. నాలుక దానంతట అదే తిరిగింది.

"మీ నాన్న సంగతి తెలుసుగా, తొందరపడని మనిషి..."

ఒళ్ళో తెర మీద పెడల్ అంకె మారింది. నలభై.

ఆమె కాలు చూశాను. బ్రేకు మీదే ఉంది.

వంద.

థ్రాటిల్ ఏడు. ఏడే. మూడు వారాలు ఆ ఏడు పెరగాలని ఎన్ని తిప్పలు పడ్డానో... ఇప్పుడు పెరగొద్దు, పెరగొద్దు అనుకుంటున్నాను. లారీ దగ్గరవుతోంది. కారంతా పుదీనా వాసన.

ఎనిమిది.

పదకొండు. పంతొమ్మిది.

ఇంజను గొంతు లేచింది. బండి ముక్కు ముందుకు వంగి బ్రేకుని లాగుతోంది.

"మామయ్యా... నేను తొక్కట్లేదు." పిల్ల రెండు కాళ్ళూ బ్రేకు మీదే వేసి నిలబడినట్టుగా నొక్కుతోంది. బండి జానెడు కదిలింది. ఇంకో జానెడు.

హ్యాండ్ బ్రేకు లాగాను. తాళంచెవి తిప్పి బయటికి లాగేశాను. తాళం నా చేతిలో ఉంది. ఇంజను ఆగలేదు... ముప్ఫై నాలుగు... నలభై ఏడు... టైర్లు కంకర మీద జారుతున్నాయి. లారీ హారను. ముందు చక్రాలు తారు మీదికి వచ్చేశాయి.

"తొక్కాడు," అని అరిచాను. "మీ నాన్న తొక్కాడే తల్లీ. తొక్కుతూనే ఉన్నాడు. బండే కదల్లేదు. పిన్ను వదులుంటే నేను అట్ట ముక్క పెట్టి పంపాను. చచ్చిపోయేముందు ఆ మాట నాకు చెప్పాడు. నేను మీకు చెప్పలేదు. తప్పు నాది. ఆయనది కాదు... ఆయనది కాదు..."

ఇంజను ఆగిపోయింది.

లారీ మా ముందునుంచి వెళ్ళింది. ఆ గాలికి కారు ఊగింది. తర్వాత ఇంజను చల్లారే టిక్కు టిక్కు చప్పుడు. పెడల్ సున్నా. పుదీనా వాసన తెలియనంత మెల్లిగా పోయింది.

పిచ్చుక నన్ను చూడలేదు. అట్ట ముక్క ఏమైందని అడిగింది. అది కూడా చెప్పాను. ఇన్‌స్పెక్టరు ముందు తలూపిన సంగతి కూడా చెప్పాను. బండిని ఇక్కడే వదిలేసి నడిచిపోదాం అన్నాను. ఆమె చెయ్యి చాచి తాళం తీసుకుంది.

"నాన్న రెండేళ్ళుగా ఇక్కడే ఆగిపోయాడు. నేను దాటిస్తాను."

రెండు వైపులా చూసి, కాలు పెట్టింది. బండి వెంటనే అందుకుని మెత్తగా అవతలికి చేరింది. ఆ పిల్ల ఇల్లు చేరేదాకా నోరు విప్పలేదు. చిన్నప్పటి నుంచీ ఆమె అంతసేపు మాట్లాడకుండా ఉండటం నేనెప్పుడూ చూడలేదు.

అక్క అప్పటికే నా కంచం పెట్టి ఉంచింది. నిలబడే చెప్పాను. మొదటిసారి చెప్పినప్పటికన్నా కష్టంగా ఉంది. అక్క గరిటె చేత్తో పట్టుకుని చివరిదాకా విన్నది. నేను ముగించాక కుర్చీలో కూర్చుంది. తిడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండుననుకున్నాను.

"రెండేళ్ళు ఆయన్ని తిట్టాను రా," అంది చివరికి, చాలా నెమ్మదిగా. "నేను తిడుతుంటే నువ్వు వింటూ నా చేతి అన్నం తిన్నావు."

అక్క లేచి, నా కంచం తీసి లోపల పెట్టేసింది. బండిని తీసుకుపొమ్మంది, ఇంకెప్పుడూ భోజనానికి రావద్దంది. పిచ్చుక తాళం తెచ్చి నా చేతికివ్వకుండా గుమ్మం మీద పెట్టింది. లోపలి గదిలో బీరువా తెరిచిన చప్పుడు, అక్క దేనికోసమో వెతుకుతున్న చప్పుడు వినబడింది. కాసేపటికి గోడకి మేకు కొడుతున్న దెబ్బలు వినబడ్డాయి.

నేను బండెక్కాను. ఏడుపు ఆపుకోలేకపోయాను. బావ కోసం రెండేళ్ళలో నేను ఏడ్చింది అప్పుడే. అయినా గుండెల మీదనుంచి ఏదో దిగినట్టు కూడా ఉంది, దాచుకోను. చెప్పాల్సింది చెప్పేశాను. బావ పరువు బావకి దక్కింది. ఇక ఈ బండిని తుక్కు కింద విరగ్గొట్టించేస్తే అయిపోతుంది అనుకుంటూ వీధి మలుపు తిరిగాను. బండి నేను తొక్కినంతే లాగింది. స్కానరులో అంకెలన్నీ ఎలా ఉండాలో అలా ఉన్నాయి.

పెద్ద రోడ్డు దగ్గర ఆపాను. రెండు వైపులా ఖాళీ. రెండున్నర గంటల ఎండ. దూరంలో తారు మెరుస్తోంది. ఒక్క బండి కూడా లేదు. దాటొచ్చు.

అప్పుడు డాష్‌బోర్డు మీద ఎర్ర దీపం వెలిగింది.

పెడల్‌కి సంబంధించింది కాదు, ఇంజనుకి సంబంధించింది కాదు. పక్క సీట్లో మనిషి కూర్చుని బెల్టు పెట్టుకోకపోతే వెలిగే దీపం. సీటులో బరువు తగిలితే తప్ప అది వెలగదు. స్కానరుని నేను డాష్‌బోర్డు మీద పెట్టాను. పక్క సీట్లో ఏమీ పెట్టలేదు... ఏమీ లేదు...

ఎంతసేపు ఆగానో తెలియదు. వెనక ఎవరో బండివాడు వచ్చి హారను కొట్టాడు. ఇంకోసారి కొట్టాడు. మెల్లిగా తొక్కాను. బండి రోడ్డు మీదికి వచ్చింది.

రోడ్డు మధ్యలో ఉండగా, నా పక్కన, బెల్టు సర్రున సాగిన చప్పుడైంది. తర్వాత టక్కుమని బిగుసుకున్న చప్పుడు.

దీపం ఆరిపోయింది.

నేను పక్కకి తిరిగి చూడలేదు. షెడ్డు ఇంకా రెండు కిలోమీటర్లుంది.